కొంచెం ఓవర్: జెఫ్ బక్లీ ‘గ్రేస్’

1994 ఆగస్టు 23న కొలంబియా రికార్డ్స్ ‘గ్రేస్’ అనే ఆల్బమ్ విడుదల చేసింది. పాడినవాడు జెఫ్ బక్లీ, వయసు ఇరవై ఏడు. పూర్తి నిడివి ఆల్బమ్ అతనికి అదే మొదటిది. బిల్‌బోర్డ్ 200 పట్టికలో అది ఎక్కగలిగిన అత్యున్నత స్థానం 149. నేను పన్నెండేళ్ళుగా అశోక్ నగర్‌కీ చిక్కడపల్లికీ మధ్యే ఇళ్ళు మారుతూ బతుకుతున్నాను. అందుకని ఈ అంకెని ర్యాంకు లాగా కాకుండా ఇంకోలా చదవడం నా వల్ల కాదు. ఇక్కడ జిరాక్స్ షాపు దగ్గర, టిఫిన్ బండి దగ్గర, సిటీ సెంట్రల్ లైబ్రరీ చెట్ల కింద ఎవరిని కదిలించినా ముందు ర్యాంకు, తర్వాత పేరు. గ్రూప్-1లో 149 అంటే ఫర్వాలేదు, ఏదో ఒక పోస్టు తగలొచ్చు. రెండొందల మందిలో 149 అంటే మాత్రం “ఈసారికి పోనీ, మళ్ళీ రాయి” అని భుజం తడతారు. బక్లీకి మళ్ళీ రాయడం కుదరలేదు.

అలాగని అప్పట్లో ఆల్బమ్‌ని ఎవరూ పట్టించుకోలేదని కాదు. లెడ్ జెపెలిన్ జిమ్మీ పేజ్, డేవిడ్ బౌవీ లాంటివాళ్ళు నోరారా మెచ్చుకున్నారు. ఫ్రాన్స్‌లో 1995లో షార్ల్ క్రో అకాడమీ బహుమతి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఏకంగా టాప్ టెన్‌లోకి వెళ్ళింది. సొంత దేశంలోనే అటూ ఇటూగా మిగిలింది. రోలింగ్ స్టోన్ పత్రిక ఐదుకి మూడు నక్షత్రాలిచ్చి, ‘హల్లెలూయా’ లాంటి పాట మోయడానికి ఈ కుర్రాడు ఇంకా తగినంత నలగలేదన్నట్టు రాసింది. ఆ రోజుల్లో నచ్చనివాళ్ళ ఫిర్యాదులు దాదాపు ఒకే వైపు చూపిస్తాయి: గొంతు మరీ ఎక్కువ, మెలికలు మరీ ఎక్కువ, ఒక్క ఆల్బమ్‌లో ఇన్ని రకాల పాటలేంటి అని. 5 లక్షల కాపీలకి ఇచ్చే గోల్డ్ గుర్తింపు అమెరికాలో 2002 దాకా రాలేదు. అప్పటికి ఆయన పోయి ఐదేళ్ళు.

ఈ ‘మరీ ఎక్కువ’కి మన వాడుకలో మంచి మాటుంది. ఓవర్. “ఓవర్ చెయ్యకురా”, “వాడు కొంచెం ఓవర్ మామా”. ‘అతి’ అనే పాత మాట ఉండగా దీని అవసరం ఎందుకొచ్చిందో గానీ, నా తరం వాళ్ళం ఒకళ్ళనొకళ్ళు అదుపులో పెట్టుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చిన మాట లేదు. ఏడిస్తే ఓవర్. క్లాసులో చెయ్యెత్తితే ఓవర్. పెళ్ళిలో మనసారా డాన్స్ చేస్తే ఓవర్. అశోక్ నగర్‌లో నా మొదటి రూమ్మేట్ గ్రూప్స్‌కి చదివేవాడు. నారాయణగూడలో గిటార్ క్లాసులకి రెండు నెలలు వెళ్ళి మానేసినవాడు కూడా. ఒక రాత్రి నేను ల్యాప్‌టాప్‌లో ‘గ్రేస్’ పెడితే, రెండో పాట చివర బక్లీ గొంతు మాటల్ని వదిలేసి పైకి పైకి ఎక్కిపోయి అక్కడ కేక కాని కేకగా నిలబడ్డప్పుడు, వాడు లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం లోంచి తలెత్తకుండానే అన్నాడు: “బాగా పాడుతున్నాడు గానీ, కొంచెం ఓవర్ కదా?”

ఆ ప్రశ్నలో అన్యాయమేమీ లేదు. నిజానికి 1994లో అమెరికా రాక్ అడిగిన ప్రశ్న కూడా అదే. అప్పటి ఆల్టర్నేటివ్ రాక్‌కి రాయని నిబంధనలు కొన్నుండేవి. ముందు దశాబ్దంలో జుట్టు పెంచి, స్టేజీ మీద మంటలు పెట్టి, గొంతు చించుకున్న బ్యాండ్ల మీద తిరుగుబాటుగా వచ్చిన సంగీతం అది. అందుకని మరీ బాగా పాడకూడదు. బాధ ఉంటే దాన్ని గొణగాలి, లేదా అరవాలి, అంతేగానీ అలంకరించకూడదు. అందంగా ఉంటే అబద్ధమనే అనుమానం. కర్ట్ కొబేన్ ఆ ఏడాది ఏప్రిల్లోనే చనిపోయాడు, ఆ గొంతులోని గరుకుదనమే నిజాయితీకి కొలబద్ద అయి కూర్చుంది. తమాషా ఏంటంటే ‘గ్రేస్’ని ప్రొడ్యూస్ చేసింది ఆండీ వాలెస్. నిర్వాణా ‘నెవర్‌మైండ్’ని మిక్స్ చేసిన మనిషి ఆయనే. అంటే కంపెనీ దృష్టిలో ఇది ఆ అంగడికి సరిపోయే సరుకే. ఆ అంగడిలోకి ఒక కుర్రాడు వచ్చి ఆలాపన మొదలుపెట్టాడు.

ఆలాపన అని ఊరికే అనట్లేదు. మొదటి పాట ‘మోజో పిన్’ ఎలా మొదలవుతుందో వినండి. గిటార్ తీగల మీద ఒక తేలికపాటి మెరుపు, ఆ వెనకాల మాటలు లేని గొంతు. ఎక్కడికి వెళ్ళాలో ఇంకా తేల్చుకోనట్టు రెండు మూడు స్వరాల మధ్య తచ్చాడుతుంది. మాట ఆ తర్వాత వస్తుంది. తర్వాత ఎక్కడో డ్రమ్స్ విరుచుకుపడతాయి, గొంతు దానితో పోటీకి దిగుతుంది, మళ్ళీ అంతా చల్లబడుతుంది. నెమ్మది నుంచి గట్టికి, గట్టి నుంచి నెమ్మదికి మారడం ఆ కాలపు రాక్ అంతా చేసిన పనే. కానీ వాళ్ళకి ఆ మార్పు స్విచ్ వేసినట్టు ఉంటుంది. ఇక్కడ రెగ్యులేటర్ తిప్పినట్టు ఉంటుంది. మధ్యలో ఉన్న మెట్లన్నీ వినపడతాయి.

ఇది వింటున్నప్పుడు నాకు గుర్తొచ్చేది రాక్ కాదు. పద్యనాటకం. కృష్ణరాయబారం సీనులో పద్యం ముగిసిందనుకుంటాం. మాట అయిపోతుంది, కానీ చివరి అక్షరం అవ్వదు. దాన్ని పట్టుకుని నటుడు రాగం తీస్తాడు. హార్మోనిస్టు వెనకాలే పరుగు. పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, ఊపిరి అయిపోతోందని జనం కంగారు పడేదాకా ఆగి, అప్పుడు దిగుతాడు. “వన్స్ మోర్!” మళ్ళీ అదే పద్యం. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడి వేషంలో ఇలా ఊళ్ళకి ఊళ్ళని తెల్లవారుజాము దాకా కూర్చోబెట్టారు. యుద్ధం ఆపడానికి రాయబారం వచ్చినవాడు అంతసేపు రాగాలు తీస్తే కౌరవులు ఊరుకుంటారా అని మా తరం జోకులేసుకుంటుంది. సినిమాల్లో కమెడియన్ కోసం రాసే పద్యనాటకం సీన్లన్నీ ఆ జోకు మీద బతికినవే. కానీ ఆ జనానికి తెలుసు, కథ అక్కడ ఆగిందని. ఆగినందుకే వచ్చారు. పద్యంలో మాట చెప్పగలిగింది చెప్పేసింది. ఇంకా మిగిలినదాన్ని ఏం చెయ్యాలో తెలీక గొంతు తిరుగుతోంది. అది ఓవర్ అయితే అయింది.

మా నాన్న ఈ పద్యాల మనిషి. తెనాలి వైపు పల్లెటూరు. చిన్న గవర్నమెంటు ఉద్యోగం. దసరాకి, శ్రీరామనవమికి వేషాలు కట్టేవాడు. హరిశ్చంద్రుడు ఆయనకి ఇష్టమైన వేషం. కాటిసీను పద్యాలు గుక్క తిప్పుకోకుండా పాడేవాడు. రిటైరై మా దగ్గరికి వచ్చాక చిక్కడపల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. గోడకి ఇటు మేము దగ్గితే అటు పక్కవాళ్ళకి నిద్ర పాడవుతుంది. పైన ఒక ఫ్లాటులో ఆరుగురు కుర్రాళ్ళు పరీక్షలకి చదువుతుంటారు. వచ్చిన నెలకే అపార్ట్‌మెంట్ వాళ్ళు మర్యాదగానే వచ్చి చెప్పి వెళ్ళారు. పిల్లల చదువులండీ, కాస్త చూసుకోండి అని. అప్పటి నుంచి నాన్న బాత్రూంలో పంపు తిప్పి, బకెట్లోకి నీళ్ళు పడే చప్పుడు కింద పాడుకుంటాడు. బకెట్ నిండేలోపు ఒక పద్యం అవుతుంది, రాగం అవ్వదు.

చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌లో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారి, రాయదుర్గంలో దిగేసరికి దాదాపు గంట. ‘గ్రేస్’ 52 నిమిషాలు. ఆఫీసుకి వెళ్ళాల్సిన రోజుల్లో ఇంతకన్నా సరిగ్గా అమరిన కొలత ఇంకోటి లేదు. ముషీరాబాద్ దాటాక ‘గ్రేస్’ పాట, రైలు మారే చోట జనంలో ‘లాస్ట్ గుడ్‌బై’, అమీర్‌పేట తోపులాటలో ‘హల్లెలూయా’. ఆ తర్వాత, సీటు దొరికితే దొరికినట్టు, ఏడో పాట. ‘లవర్, యూ షుడ్ హావ్ కమ్ ఓవర్’. ఆల్బమ్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే, ఇది మొదలయ్యేది హార్మోనియంతో. బక్లీయే వాయించాడు. కొన్ని సెకన్లు ఏమీ జరగదు, తిత్తి లోంచి గాలి వస్తూ ఒక శ్రుతి నిలబడుతుంది, అంతే. భజన మొదలయ్యేముందు, నాటకం తెర లేచేముందు, ఖవ్వాలీలో అందరూ సర్దుకుని కూర్చునేటప్పుడు వినపడే అదే గాలి.

ఈ పెట్టె కథ కూడా చిత్రంగానే ఉంటుంది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంట్ తీసుకున్న వాయిద్యం. మిషనరీలతో మన దేశానికొచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో వాయించుకునేలా మార్చాడు. మన సంగీతంలో స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే జారుడు హార్మోనియం మెట్లకి అందదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని బయటికి పంపేసింది. మూడు దశాబ్దాల తర్వాత గానీ మళ్ళీ రానివ్వలేదు. రేడియో వాళ్ళ అభ్యంతరం శాస్త్రీయంగా సరైనదే. కానీ నాటకాల వాళ్ళకి ఆ లోపమే అవసరం. పెట్టె కదలకుండా ఒకచోట ఉంటుంది, గొంతు దాని చుట్టూ జారుతుంది. కదలనిది పక్కన ఉంటేనే కదిలేది ఎంత కదిలిందో తెలుస్తుంది. ‘లవర్’లో జరిగేది అదే. రాని మనిషి కోసం వానలో ఎదురుచూసే మగవాడి పాట. మొదట్లో హార్మోనియం దగ్గరే ఉండి, గిటార్లు డ్రమ్స్ చేరాక మెల్లిగా జారడం మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి వెనకాల తన గొంతే పొరలు పొరలుగా కోరస్ అయి నిలబడితే, దాని మీద నుంచి ఎగిరిపోతాడు. ఆరున్నర నిమిషాల పైన సాగే పాట.

ఒక ఆదివారం మధ్యాహ్నం దీన్ని స్పీకర్‌లో పెట్టాను, నాన్నకని కాదు. ఆయన హాల్లో పేపరు చదువుతున్నాడు. హార్మోనియం వినగానే పేపరు దించాడు. పాట పూర్తయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత, “ఎవర్రా ఈ కుర్రాడు?” అన్నాడు. అమెరికా అతను అని చెప్పాను. “శ్రుతి బాగుంది. పై స్థాయిలో గొంతు సన్నబడిపోలా, అది కష్టం. కానీ ఆ చివర రాగం అంత తొందరగా ఎందుకు దించేశాడు? ఇంకాస్త తియ్యొచ్చుగా?”

పాతికేళ్ళ పాటు విమర్శకులు ఎక్కువైందన్నచోట తక్కువైందన్న శ్రోతని నేను మొదటిసారి చూడటం అదే.

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. “మాట మింగేస్తున్నాడు” అన్నాడు. ఇంగ్లీషు కదా నాన్నా నీకు అర్థం కాలేదేమో అంటే, అర్థం సంగతి కాదన్నాడు. అక్షరం నోట్లో నుంచి బయట పడిందా లేదా అన్నది భాష రాకపోయినా తెలుస్తుందట. పద్యంలో ముందు మాట స్పష్టంగా వెనక వరసకి చేరాలి, అప్పుడు రాగం. “మాట వినపడకుండా రాగం తీస్తే మా ఊళ్ళో రాళ్ళేస్తారు.” ఇది నేను చదివిన సమీక్షల్లో దేనికన్నా పదునైన అభ్యంతరం. దీన్ని పట్టుకుని మళ్ళీ ఆల్బమ్ మొత్తం విన్నాను. ‘మోజో పిన్’లో నాన్న మాట నిజం. అక్కడ మాటలు గొంతుకి సాకు మాత్రమే. ‘సో రియల్’ సగం సగం. తొమ్మిదో పాట ‘ఎటర్నల్ లైఫ్’లో సమస్య వేరే: మాట వినపడుతుంది గానీ, ఆ గిటార్ల మోత ఆ ఏడాది ఏ బ్యాండైనా చేయగలిగేదే, వీడి అవసరం లేదు. ఆల్బమ్ మొత్తంలో నేను దాటేసే పాట అదొక్కటే.

‘హల్లెలూయా’లో ప్రతి అక్షరం వినపడుతుంది. ఆ పాట చరిత్ర చాలామందికి తెలిసిందే. లెనార్డ్ కోహెన్ 1984 ఆల్బమ్‌లోది. ఆ ఆల్బమ్‌ని కొలంబియా అమెరికాలో విడుదల చెయ్యడానికే ఇష్టపడలేదు. జాన్ కేల్ 1991లో దాన్ని పియానో మీద పాడాడు. బక్లీ కేల్ దగ్గర్నుంచి అందుకున్నాడు. అందులో ఒక్క గిటారు, ఒక్క గొంతు. మొదట్లో నిట్టూర్పు లాంటి ఊపిరి ఒకటి, ఎడిటింగ్‌లో కోసెయ్యకుండా వదిలేశారు. చాలా టేకుల్లోంచి ఏరి కలిపిన రికార్డింగ్ అది. అయినా ఒక్క గుక్కలో పాడినట్టుంటుంది. దాన్ని ఇప్పుడు వినడం కష్టం, నిజమే. మా ఇంజినీరింగ్ కాలేజీలో గిటార్ కొన్న ప్రతివాడూ మూడో వారంలో అదే వాయించేవాడు. టాలెంట్ షోల వాళ్ళు దాన్ని పిండి ఆరేశారు. 2008 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో ఒక టాలెంట్ షో విజేత అలెగ్జాండ్రా బర్క్ పాడిన వెర్షన్ నంబర్ వన్, పద్నాలుగేళ్ళ నాటి బక్లీ వెర్షన్ నంబర్ టూ. నలగలేదని మూడు నక్షత్రాల దగ్గర ఆపిన కుర్రాడి పాట!

‘సింగర్-సాంగ్‌రైటర్’ అన్న మాటకి మన దగ్గర వాగ్గేయకారుడున్నాడు. ఆ వరసలో పెద్దాయన పేరుతో త్యాగరాయ గానసభ మాకు నడిచేంత దూరంలో ఉంది. కానీ ఆ కొలతతో చూస్తే బక్లీ సగం వాగ్గేయకారుడే. పది పాటల్లో మూడు ఇతరులవి. మొదటి రెండూ గిటారిస్టు గ్యారీ లూకస్‌తో కలిసి కట్టినవి. ఇరవై ఏడేళ్ళవాడు తన అరంగేట్రంలో నీనా సిమోన్ పాడిన ‘లైలాక్ వైన్’, కోహెన్ ‘హల్లెలూయా’, బెంజమిన్ బ్రిటన్ స్వరపరచిన మధ్యయుగపు ‘కార్పస్ క్రిస్టీ కేరల్’ పక్కపక్కన పెట్టుకుని వచ్చాడు. తనేంటో తేల్చుకోలేదని కొందరన్నారు. నాకు మాత్రం ఇది తేల్చుకున్నవాడి పని లాగే ఉంటుంది. రాక్ బ్యాండ్ నడిపే మగపిల్లవాడు ఆడగొంతుల పాటల్ని, వాటి స్థాయి దించకుండా, సిగ్గుపడకుండా పాడటం అప్పుడు మామూలు విషయం కాదు. నాయిక విరహాన్ని మగవాడు రాసి మగవాడే పాడుకున్న క్షేత్రయ్య పదాల భాషలో పుట్టినవాళ్ళకి అది వింతగా అనిపించనక్కర్లేదు. మనకి అనిపిస్తోందంటే, మధ్యలో ఏదో జరిగింది.

పాటల్ని ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకునే ఈ అలవాటు షిన్-ఏ లో పట్టింది. న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో చిన్న ఐరిష్ కాఫీ షాపు అది. 1992లో అక్కడ సోమవారాలు ఒక్కడే ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని ఏది గుర్తొస్తే అది పాడేవాడు. 2003లో ఆ రికార్డింగులు పెద్ద సంపుటిగా వచ్చాయి. అందులో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ ఒకటి ఉర్దూలోనే పాడతాడు, నుస్రత్ తనకి ఎల్విస్ లాంటివాడని చెప్పి మరీ. వెక్కిరింపు లేదు. అనుకరణ కూడా పూర్తిగా కాదు. నేర్చుకునే పిల్లవాడి భయం, ఆనందం రెండూ ఉంటాయి. తర్వాత 1996లో ఒక పత్రిక కోసం నుస్రత్‌ని ఇంటర్వ్యూ కూడా చేశాడు. ఇది తెలిశాక నేను నాంపల్లి యూసుఫైన్ దర్గాకి గురువారం సాయంత్రాలు వెళ్ళడం మొదలుపెట్టాను. చిక్కడపల్లి నుంచి ఎంతో దూరం లేదు. హైదరాబాద్‌కి అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ లాంటి ఖవ్వాల్ ఉండేవాడని, ఆయన మనవలు ఇప్పటికీ పాడుతున్నారని నాకు తెలియడానికి దారి న్యూయార్క్ మీదుగా పడింది. దీనికి సిగ్గుపడాలా, నవ్వుకోవాలా అన్నది పక్కన పెడితే, దర్గాలో కూర్చున్నప్పుడు ‘గ్రేస్’లో అర్థం కాని ఒకటి అర్థమైంది. ఖవ్వాల్ ఒకే పంక్తిని పదిసార్లు తిప్పేది అలంకారం కోసం కాదు. ముందున్న మనిషి మొహంలో అది చేరిందో లేదో చూసుకుంటూ తిప్పుతాడు. చేరేదాకా వదలడు. బక్లీ స్టూడియోలో ఉన్నాడు, ఎదురుగా మొహం లేదు. అందుకే ఆల్బమ్‌లో కొన్నిచోట్ల ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్ళు లేని గొంతు వినిపిస్తుంది. లైవ్ రికార్డింగుల్లో ఆ ఇబ్బంది తక్కువ.

చివరి పాట ‘డ్రీమ్ బ్రదర్’లో తబలా ఉంది, మిషా మసూద్ వాయించాడు. తండ్రి కాబోతూ దూరం జరిగే స్నేహితుడికి, నన్ను వదిలినవాడిలా నువ్వు చెయ్యకు అని చెప్పే పాట. జెఫ్ తండ్రి టిమ్ బక్లీ. అరవైల్లో, డెబ్భైల్లో పేరున్న గాయకుడు. కొడుకు పుట్టకముందే ఇల్లు వదిలాడు, 28 ఏళ్ళకే మత్తుమందు ఎక్కువై 1975లో చనిపోయాడు. జెఫ్ ఆయనతో గడిపింది, ఎనిమిదేళ్ళప్పుడు, వారం పాటు. పదహారేళ్ళ తర్వాత బ్రూక్లిన్‌లో ఒక చర్చిలో టిమ్ స్మృతి కచేరీ జరిగితే కొడుకు వచ్చి పాడాడు. న్యూయార్క్ అతన్ని మొదటిసారి విన్నది అక్కడే. ఆ తర్వాత తండ్రితో పోల్చిన ప్రతివాడి మీదా విసుక్కున్నాడు. పోలిక మాత్రం గొంతులోనే ఉంది, ఏం చేస్తాడు.

1997 మే 29 సాయంత్రం మెంఫిస్‌లో, రెండో ఆల్బమ్ పని కోసం బ్యాండ్ విమానం దిగే రోజున, బట్టలతో బూట్లతో నదిలోకి దిగి ఈదుతూ బక్లీ మునిగిపోయాడు. ముప్పై ఏళ్ళు. శవపరీక్షలో మత్తుమందులేమీ దొరకలేదు. ప్రమాదం అని తేల్చారు. రెండున్నర నెలల తర్వాత ఆగస్టు 16న నుస్రత్ పోయాడు. అక్కడి నుంచి ‘గ్రేస్’ వేరే ఆల్బమ్ అయిపోయింది. నీళ్ళు, వాన, చావు అన్న మాట వచ్చిన ప్రతిచోటా జోస్యం వెతికారు. రోలింగ్ స్టోన్ 2003లో వేసిన అత్యుత్తమ 500 ఆల్బమ్‌ల జాబితాలో 303వ స్థానం, 2020 జాబితాలో 147. ‘నలగలేదు’ అన్న ఫిర్యాదు మాయమై, నలిగినవాడి పాట అన్న పేరు వచ్చింది. గొంతులో ఒక్క స్వరం కూడా మారలేదు కదా! అప్పుడు ఎక్కువైన రాగమే, మనిషి చచ్చిపోయాడని తెలిశాక సరిపోయింది. నాకు ఇందులో నచ్చనిదేంటంటే, ఇది ఆల్బమ్‌కి మేలు చేసినట్టు కనిపిస్తూ దాని ఉల్లాసాన్ని లాగేసుకుంటుంది. ‘లాస్ట్ గుడ్‌బై’ విడిపోయే పాటే, కానీ ఆ తీగవాయిద్యాలు, ఆ బేస్ నడక వినండి. బతకడం ఇష్టమున్నవాడి ఊపు అది. తన గొంతు ఎక్కడిదాకా వెళ్తుందో ఇప్పుడే తెలుసుకుంటూ, తెలిసినకొద్దీ మురిసిపోతున్న కుర్రాడు. నేను ఆ మురిపాన్ని వింటాను. ఓవర్ అంటే అదే కావచ్చు.

తెలుగులో ఇలాంటి ఆల్బమ్ ఏదని నన్నడుగుతుంటారు. తెలుగులో ఆల్బమ్ అంటే పెళ్ళి ఆల్బమ్ అని జోకేసి తప్పించుకుంటాను. చౌరస్తా బ్యాండ్ పాటలు వచ్చినప్పుడు ఆశపడ్డాను. ‘ఊరెళ్ళిపోతా మామ’ ఇప్పటికీ వింటాను. రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్ళి ‘చిట్టి’, ‘డీజే టిల్లు’ పాడాడు. బాగా పాడాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు, ఇక్కడ గొంతు ఉన్నవాడికి అద్దె కట్టేది సినిమాయే. కానీ సినిమా పాటలో ఎంత పాడాలో హీరో నిర్ణయిస్తాడు, సీను నిర్ణయిస్తుంది, ఇప్పుడైతే రీల్ నిడివి నిర్ణయిస్తుంది. చివరి అక్షరం పట్టుకుని ఎంతసేపైనా ఉండే హక్కు పాడేవాడికి ఉండదు.

నాన్నకి ఒక వాట్సాప్ గ్రూపుంది. తెనాలి, గుంటూరు వైపు పాత నాటకాల వాళ్ళు, హార్మోనిస్టులు, ఇద్దరు ముగ్గురు మేకప్ వాళ్ళు. పొద్దున్నే పూల బొమ్మల శుభోదయాలు, మధ్యాహ్నం ఎవరో ఒకరు పాత పద్యం ఆడియో. ఆ ఆదివారం తర్వాత ఆయన ‘లవర్’ లింకు పంపమని అడిగి, గ్రూపులో పెట్టాడు, ‘హార్మోనియం వినండి’ అని మాత్రం రాసి. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. ఒకాయన ఇది ఏ రాగానికి దగ్గరో చెప్పమన్నాడు, దాని మీద ఇద్దరు వాదించుకున్నారు. ఇంకొకాయన, ఎనభై దాటిన హార్మోనిస్టు, మర్నాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. పెట్టె పట్టుకోవడం సరిగా రాదుగానీ బాబు మంచివాడిలా ఉన్నాడని, ఇప్పుడు ఎక్కడ పాడుతున్నాడని అడిగాడు.

నాన్న నన్ను అడిగాడు. చెప్పాను.

“ముప్పయ్యేళ్ళకా?” అన్నాడు.

గ్రూపులో మాత్రం ఏమీ రాయలేదు.